పేరు ఎవరిది?

మన భాషలో 'పేరు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. పుట్టినప్పుడు పెద్దలు పెట్టేది ఒకటి. బతికిన తీరును బట్టి లోకం ఇచ్చేది ఇంకొకటి. 'పేరు పెట్టారు' అంటే మొదటిది, 'పేరు తెచ్చుకున్నాడు' అంటే రెండోది. 'పేరు పోయింది' అన్నా, 'పేరు నిలబెట్టాడు' అన్నా ఈ రెండోదాని సంగతే. మొదటిది కన్నవాళ్ళ చేతిలో ఉంది. రెండోది నలుగురి నోళ్ళలో ఉంది. మధ్యన పేరు మోసే మనిషి చేతిలో ఉన్నదెంత? 'ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు' అని సామెత చెప్పి నవ్వుకుంటాం. కానీ ఆ ఇంట్లో ఇప్పుడున్నవాళ్ళెవరూ తమకు కస్తూరి అని పేరు పెట్టుకోలేదు. ఎన్ని తరాల కిందటో ఎవరో పెట్టిన పేరుకు ఈనాటి కంపును చూపించి జవాబు చెప్పమనడం ఎంతవరకు న్యాయం?

నేను చదివింది కామర్సు, తత్త్వశాస్త్రం కాదు. అయితే ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో నేను చేస్తున్న పనిలో సగం పేర్లు చదవడమే. అంకె తప్పితే సాయంత్రం లెక్క సరిచూసేటప్పుడు దొరికిపోతుంది. పేరు తప్పితే ఏళ్ళ తరబడి బయటపడదు. బయటపడేనాటికి ఆ పేరు గల మనిషి ఉండకపోవచ్చు. కాబట్టి పేరుకు అర్థం ఎక్కడుంటుంది, ఆ అర్థానికి బాధ్యులెవరు అనే ప్రశ్న నాకు పుస్తకాలలో నుంచి రాలేదు, కౌంటరు అవతలి నుంచి వచ్చింది. దానిని గాలిలో చర్చించకుండా, మన కోలారు జిల్లాతో ముడిపడిన ఒక్క పేరును తీసుకొని చూద్దామని ఈ ప్రయత్నం. ఆ పేరు హైదర్.

అరబ్బీలో హైదర్ అంటే సింహం. ఆ భాషలో సింహానికి ఒకటి రెండు కాదు, వందల పేర్లున్నాయి. పదో శతాబ్దపు వ్యాకరణవేత్త ఇబ్న్ ఖాలవైహ్ అయిదు వందల పేర్లు పోగుచేశాడని చెబుతారు. అసద్, అబ్బాస్, ఉసామా, గజన్‌ఫర్ ఇవన్నీ సింహాన్ని చెప్పే మాటలే, మనుషులకు పెట్టే పేర్లే. అమరకోశం కొద్దిగా అయినా వల్లించినవారికి ఇది వింతగా తోచదు. కేసరి, హరి, మృగేంద్రుడు, పంచాస్యుడు అని మనకూ ఉన్నాయి. నరసింహులు, సింగన్న, సింహాద్రి అని పిల్లలకు పెట్టుకోని పల్లె మన వైపు ఉందా? కోలారు అడవులలో సింహం తిరిగినట్టు మన తాతలెవరూ చెప్పలేదు. చూడని జంతువు పేరు ఇంటింటా ఉంది. అంటే పేరు పెట్టేవాళ్ళు జంతువును చూసి పెట్టలేదు. బిడ్డకు ఏ గుణం కావాలనుకున్నారో దానికొక మాట వెదికి పెట్టారు.

హైదర్ అనే పేరు పేరుగా ఇంత ప్రసిద్ధి పొందడానికి మూలం ప్రవక్త ముహమ్మద్ పినతండ్రి కొడుకు, అల్లుడు, ఆ తరువాత నాలుగో ఖలీఫా అయిన అలీ. సంప్రదాయంలో చెప్పే కథ ఇది. అలీ పుట్టినప్పుడు తండ్రి అబూ తాలిబ్ ఊళ్ళో లేడు. తల్లి ఫాతిమా తన తండ్రిని తలచుకొని బిడ్డకు పేరు పెట్టుకుంది. ఆమె తండ్రి పేరు అసద్, అంటే సింహం. అదే మాటను తిరిగి పెట్టకుండా, అదే అర్థమున్న హైదర్ అనే మాటను ఎంచుకుంది. తండ్రి తిరిగివచ్చి అలీ అని పెట్టాడు. అలీ అంటే ఉన్నతుడు. లోకంలో ఆ రెండో పేరే నిలిచింది. అయితే 628లో ఖైబర్ కోట యుద్ధంలో ఎదుటి వీరుడు తన ప్రతాపం చాటుకుంటూ ముందుకు వచ్చినప్పుడు అలీ, తనకు తల్లి పెట్టిన పేరు హైదర్ అని చెప్పుకుని అతని మీదికి వెళ్ళాడట.

ఈ కథలో గమనించవలసినవి రెండున్నాయి. ఒకటి, హైదర్ అలీ అని మనం ఒక్క గుక్కలో పలికే జంట పేరు నిజానికి ఒకే మనిషికి తల్లి పెట్టిన పేరూ, తండ్రి పెట్టిన పేరూ పక్కపక్కన చేరినది. రెండోది ఇంకా ముఖ్యం. అలీ పుట్టింది సుమారు 600 ప్రాంతంలో. ప్రవక్తకు మొదటి దైవవాణి వినిపించింది 610లో. ఆ తల్లి బిడ్డకు సింహమని పేరు పెట్టిననాటికి ఇస్లాం ఇంకా రాలేదు. పుట్టింటిని తలచుకున్న ఒక ఆడకూతురు, బిడ్డ బలంగా బతకాలని కోరుకుంటూ, తన భాషలో ఉన్న మాట పెట్టింది. మన తల్లి నరసింహులని పెట్టినా అందులో ఉన్నది అదే కోరిక.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. బంగారుపేట తాలూకాలోని బూదికోటలో 1720 ప్రాంతంలో ఒక బిడ్డ పుట్టాడు. బూది అంటే బూడిద. బూడిద పేరుగల కోటలో సింహం పేరుగల బిడ్డ. తండ్రి ఫతే ముహమ్మద్ సైన్యంలో అధికారి, బూదికోట ఆయన జాగీరు. కొడుకులు పసివాళ్ళుగా ఉండగానే యుద్ధంలో చనిపోయాడు. కోలారు పట్టణంలో ఉన్న మక్బరా ఆయనదే. పెద్దకొడుకు పేరు షాబాజ్, చిన్నవాడి పేరు హైదర్. షాబాజ్ పారశీక పదం, రాజడేగ అని అర్థం. ఒకరు ఆకాశంలో వేటాడేది, ఒకరు నేల మీద వేటాడేది. ఇద్దరికీ వీరుల పేర్లే పెట్టాడు తండ్రి. మైసూరు కొలువులో ముందు చేరింది అన్న. అన్న వెనుకే తమ్ముడు వచ్చాడు. 1761 నాటికి మైసూరు రాజ్యమంతా తమ్ముడి చేతిలోకి వచ్చింది. సింహాసనం మీద ఒడయారునే ఉంచి పాలన మాత్రం తాను నడిపాడు. అన్న పేరు చరిత్రలో తమ్ముడి అన్నగానే మిగిలింది. పేరు అర్థమే మనిషిని నడిపించేదైతే డేగ ఎందుకు ఎగరలేదు?

పేరు మనిషిని తీర్చదని దీనితోనే తేల్చేయడం తొందరపాటు అనేవారుంటారు. రోజుకు వందసార్లు సింహమా అని పిలిస్తే పిల్లవాడికి కొంత ధైర్యం రాదా అని అడుగుతారు. రావచ్చు. కానీ మన ఊళ్ళలో ధర్మయ్యలందరూ ధర్మంగా ఉన్నారా? శాంతమ్మలందరూ శాంతంగా ఉన్నారా? ఒక పేరు వందమందికి ఉంటే వందమందీ వంద రకాలు. అర్థం పేరులోనే ఉంటే ఇలా జరగకూడదు.

హైదర్ అనే ఒక్క పేరు ఎన్ని నోళ్ళలో ఎన్ని అర్థాలు తెచ్చుకుందో చూడండి. 1780లో హైదర్ అలీ సైన్యం కనుమలు దిగి ఆర్కాటు సీమ మీద పడింది. మద్రాసు చుట్టుపక్కల పల్లెలు తగలబడ్డాయి, పంటలు పోయాయి. ఆ సీమ రైతుకు ఆ పేరు అర్థం సింహం కాదు, గుర్రాల డెక్కల చప్పుడు. సరిగ్గా రెండేళ్ళకు, 1782లో, ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడిన అమెరికాలో పెన్సిల్వేనియావాళ్ళు తమ యుద్ధనౌక ఒకదానికి హైదర్ అలీ అనే పేరు పెట్టుకున్నారు. జాషువా బార్నీ అనే కెప్టెను దానిని నడిపి ఇంగ్లీషువాళ్ళ ఓడ ఒకదానిని పట్టుకున్నాడు. ఆ నావికులకు అరబ్బీ రాదు, కోలారు ఎక్కడుందో తెలియదు. వాళ్ళకు ఆ పేరు అర్థం, మన శత్రువుకు శత్రువు అని.

ఇక మన దగ్గర. ముళబాగిలులో బాబా హైదర్ వలీ దర్గా ఉంది. వలీ అంటే దేవుడికి ఆప్తుడు. అక్కడికి బిడ్డలు లేనివారు, జబ్బు చేసినవారు, కోర్టు కేసుల్లో నలిగినవారు కులమతాల లెక్క లేకుండా వెళతారు. ఊళ్ళో ఆంజనేయస్వామి గుడికి వెళ్ళి, అటే దర్గాకూ వెళ్ళి వచ్చేవారిని నేను చాలామందిని ఎరుగుదును. వాళ్ళకు హైదర్ అంటే కత్తి పట్టినవాడు కాదు, నెత్తిన చెయ్యి పెట్టేవాడు. బూదికోటకూ ముళబాగిలుకూ మధ్య బస్సులో రెండు గంటలు పట్టదు. ఒకే జిల్లాలో, ఒకే పేరు, ఒకచోట రాజ్యం, ఒకచోట శరణు.

చెవులను బట్టి కూడా పేరు మారుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, గనుల దగ్గర తమిళం, సంతలో ఉర్దూ, ఇదీ మన బతుకు. అరబ్బీలో గొంతు లోతులో నుంచి పలికే ఆ మొదటి అక్షరం మన నోట మామూలు 'హ' అయింది. తమిళుల నోట అది కూడా పోయి 'ఐదర్' అయింది. కన్నడంలో 'హైద' అంటే కుర్రవాడు, కనుక పల్లె కన్నడిగుడి చెవికి 'హైదరు' అంటే కుర్రాళ్ళు అనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు తమ కాగితాలలో రాసిన రూపాలకైతే లెక్క లేదు.

బ్యాంకువాణ్ణి కాబట్టి నాణేల సంగతి చెప్పకుండా ఉండలేను. పదిహేడో శతాబ్దంలో మైసూరును ఏలిన కంఠీరవ నరసరాజ ఒడయారు వేయించిన చిన్న బంగారు నాణెం కంఠీరాయి ఫణం. కంఠీరవమంటే సింహమే. అంటే మైసూరు బంగారం మీద సింహం పేరు హైదర్ కంటే నూరేళ్ళ ముందే సంస్కృతంలో ఉంది. తరువాత 1763లో బిదనూరును గెలిచిన హైదర్ అలీ, ఆ ఊరికి తన పేరుతో హైదర్‌నగర్ అని పేరు మార్చాడు కానీ, అక్కడి నాయకుల బంగారు వరహా మీద ఉన్న శివపార్వతుల బొమ్మను మార్చలేదు. అదే బొమ్మను ఒకవైపు ఉంచి, రెండోవైపు చుక్కల మధ్య ఒకే ఒక్క అక్షరం వేయించాడు. తన పేరులోని మొదటి అక్షరం. బిరుదులు లేవు, వంశం లేదు, పూర్తి పేరు కూడా లేదు. టిప్పు తన నాణేల మీద కూడా తండ్రి గుర్తుగా ఆ అక్షరాన్ని ఉంచాడు.

హైదర్ అలీకి చదువు రాదు. మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్, ఆయన హిందుస్తానీ కాక కన్నడం, మరాఠీ, తెలుగు, తమిళం ధారాళంగా మాట్లాడేవాడని రాశాడు. మన తెలుగు ఆయన నోట పలికేదన్నమాట. అయిదు భాషలు మాట్లాడినవాడికి ఏ భాషలోనూ రాయడం రాలేదు. ఎంతో కష్టపడి తన పేరులోని మొదటి అక్షరం నేర్చుకున్నాడనీ, సంతకంగా అదొక్కటే, అదీ తలకిందులుగా, గీసేవాడనీ చెబుతారు. దీనిని చెప్పి నవ్వేవారున్నారు. నాకు నవ్వు రాదు. పాసుపుస్తకం మీద వంకరటింకరగా మూడక్షరాలు గీయడానికి చెమటలు పట్టిన మనుషులను ఎందరినో చూశాను. వేలిముద్ర వేయండి అంటే ఒప్పుకోరు. వంకరగానైనా తమ చేతితో తమ పేరు రాయాలి. అర్థం కోసం కాదు ఆ పట్టుదల. ఇతరులు పలికే తన పేరును ఒక్కసారైనా తాను పట్టుకోవాలని.

పేరు తనది కాకపోవడమంటే ఏమిటో హైదర్ అలీ మరణం చెబుతుంది. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో విడిదిలో ఆయన చనిపోయాడు. ఆ ఊరి పేరులోనూ సింహమే ఉంది. టిప్పు అప్పుడు పడమటి తీరంలో ఉన్నాడు. సైన్యం చెదిరిపోతుందని మంత్రులు మరణాన్ని దాచారు. దేహాన్ని పెట్టెలో పెట్టి, సొమ్ము తరలిస్తున్నట్టుగా, కోలారుకు పంపారు. తండ్రి సమాధి దగ్గర ఉంచి, తరువాత శ్రీరంగపట్నానికి తీసుకువెళ్ళారు. టిప్పు వచ్చేదాకా దండులో వ్యవహారమంతా హైదర్ బతికి ఉన్నట్టే, ఆయన పేరు మీదనే నడిచింది. మా భాషలో చెప్పాలంటే ఖాతాదారు లేడు, ఖాతా నడుస్తోంది. పేరుకు మనిషి అవసరం కూడా లేదని ఆ కొద్దిరోజులు రుజువు చేశాయి. పేరును మోసేవాడు పోయినా పలికేవాళ్ళుంటే పేరు పనిచేస్తుంది.

అయితే పేరు పలికేవాళ్ళదేనా? పెట్టినవాళ్ళ సంగతేమిటి? హైదర్ అలీ కూడా ఒక బిడ్డకు పేరు పెట్టిన తండ్రే. ఆర్కాటులో టిప్పు మస్తాన్ అవులియా సమాధి దగ్గర మొక్కుకోగా కొడుకు పుట్టాడని, ఆ ఫకీరు పేరే బిడ్డకు పెట్టారు. రాజ్యాలు గెలిచినవాడు బిడ్డ కోసం ఫకీరు ముందు చేయి చాచాడు. మన తెలుగు రైతులు చేసేదీ ఇదే. నెల్లూరు వైపు మస్తానయ్యలు, మస్తానమ్మలు, రాయలసీమలో ఉసేనప్పలు, ఫక్కీరప్పలు, పీరన్నలు, దస్తగిరులు ఉన్నారు. పెనుకొండ బాబాకు మొక్కి పెట్టిన పేర్లున్నాయి. వీరిలో చాలామంది హిందువులే. మస్తాన్ అంటే పారశీకంలో మత్తులో ఉన్నవాడు, దైవధ్యానంలో ఒళ్ళు మరచినవాడు అని. దస్తగీర్ అంటే చేయి పట్టుకుని ఆదుకునేవాడు. మనవాళ్ళ చెవికి అందులో 'గిరి' వినిపించింది, కొండ పేరనుకున్నారు. అర్థం తెలియకపోవడం వల్ల మొక్కుకు లోటు రాలేదు. బిడ్డ బతికాడు, పేరు నిలిచింది. అర్థం నిఘంటువులో కంటే ఆ మొక్కులోనే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

ఇక్కడ నేను చూసిన ఒక సంగతి చెప్పాలి. కె.జి.ఎఫ్. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ తరువాత కొన్నేళ్ళకు, నేను పనిచేసిన ఒక శాఖకు ఒక పెద్దామె వచ్చింది. భర్త గనిలో పనిచేసి మానినవాడు, చనిపోయాడు. ఆయన పేరు మీద ఉన్న డిపాజిటు ఆమెకు రావాలి. నామినేషను లేదు. తెలుగు కుటుంబం, హిందువులు. ఆయన పేరు మనం చెప్పుకుంటున్న ఈ పేరే, చివర మన 'అప్ప' చేర్చిన పేరు. ఒక కాగితంలో 'హైదర్' అని మాత్రమే ఉంది. ఇంకొక దానిలో 'ఐదర్' అని ఉంది, రాసినవాడు తమిళంలో విన్నాడు కాబోలు. రేషను కార్డులో ఒక్కటే 'అప్ప'తో సహా ఉంది. మూడు కాగితాలలో ముగ్గురు మనుషులు.

కొత్తగా చేరిన యువ అధికారి ఒకరు ఆమెను భర్త పేరు చెప్పమన్నారు. ఆమె చెప్పలేదు. "నా నోటితో ఎట్లా చెప్పేది సార్, ఆ పిల్లోణ్ణి అడగండి" అని మనుమణ్ణి ముందుకు తోసింది. మన వైపు పాతకాలపు ఆడవాళ్ళు భర్త పేరు పలకరు గదా. పిల్లవాడు చెప్పాడు. అధికారి ఆమె నుదుటి విభూది చూసి, "ఇది ముస్లింల పేరు కదా, మీరు ఆయనకు ఏమవుతారు?" అని అడిగారు. దురుద్దేశంతో అడిగినది కాదు, కాగితాలు పొసగక అడిగినది. ఆమెకు కోపం రాలేదు. "మా అత్తకు పిల్లలు నిలస్తా ఉండలేదంట. ముళబాగిలు బాబాకు మొక్కుకొనింది. ఈ బిడ్డ నిలిస్తే నీ పేరే పెడతానని. పేరు ఆ సామిది సార్, మనిషి మా ఇంటాయన" అంది.

నోటరీ దగ్గర ప్రమాణపత్రం రాయించాం. మూడు పేర్లూ ఒకే వ్యక్తివి అని అందులో రాయాలి. ఆయనను ఎరిగిన ఇద్దరు జామీను సంతకాలు చేశారు. ఒకరు ముస్లిం, ఒకరు తమిళ క్రైస్తవుడు, ఇద్దరూ ఆయనతో గనిలో దిగినవాళ్ళే. డబ్బు ఆమె చేతికి చేరేసరికి మూడు నెలలు పట్టింది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి పేరును ఆమె ఒక్కసారి కూడా పలకలేదు. దాని అర్థం మాత్రం మాలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. పలికిన గుమాస్తాలు, రాసిన మేస్త్రీలు, కాగితాలు నింపినవాళ్ళు తలొక ముక్క విరిచారు. ఆ విరుపుల ఖర్చు మూడు నెలల పాటు ఆమె మోసింది.

ఆనాటి నుంచి నాకొక సంగతి స్పష్టమైంది. పేరు విషయంలో మనం ధర్మమంతా మోసేవాడి మీద పెడతాం. సింహమని పేరుంది, ఎందుకు భయపడతావు? కస్తూరి అని పేరుంది, ఎందుకీ కంపు? ఇది తలకిందుల న్యాయం. పేరు పెట్టించుకున్నవాడిని ఎవరూ అడిగి పెట్టలేదు. అడగకుండా ఇచ్చినదానికి అతడు బాకీ పడడు. అప్పు పుట్టాలంటే తీసుకునేవాడి అంగీకారం ఉండాలని మా వృత్తిలో మొదటి పాఠం. పెట్టినవాళ్ళు తమ కోరికను ఒక మాటలో పెట్టి చేయి కడుక్కున్నారు, వారి పని అయిపోయింది. ఇక మిగిలింది పిలిచేవాళ్ళం, రాసేవాళ్ళం, చదివేవాళ్ళం. ఆ పేరు జీవితమంతా ఉండేది మన నోళ్ళలో, మన చేతుల్లో. కనుక పేరుకు సంబంధించిన బాధ్యతలో పెద్దభాగం పిలిచేవాడిదే అని నా మనవి.

ఆ బాధ్యత ఏమిటని అడిగితే నాకు రెండు తోస్తున్నాయి. పేరును విరవకుండా పలకడం, రాయడం మొదటిది. పేరు చూడగానే మనిషి తెలిసిపోయాడని అనుకోకపోవడం రెండోది. రెండోదే కష్టం. ఇల్లు అద్దెకివ్వడానికి, ఉద్యోగానికి పిలవడానికి, పక్కసీటులో కూర్చోవడానికి పేరు చూసి లెక్కలు వేసుకునే రోజులివి. పేరు మతాన్ని చెబుతుంది కదా, అందులో తప్పేముంది అనేవారున్నారు. చాలాసార్లు చెబుతుంది, కాదనను. కానీ ఆ పెద్దామె విషయంలో చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా అంతకుమించి ఏమి చెబుతుంది? ఆర్కాటు మీదికి దండెత్తిన హైదర్ పేరూ అదే, ముళబాగిలులో దీపం పెట్టించుకునే హైదర్ పేరూ అదే. ఒక పేరు ఇద్దరి గుణం చెప్పలేనప్పుడు మూడోవాడి గుణం ఎలా చెబుతుంది? అప్పు అడగడానికి వచ్చినవాడి పేరును బట్టి అతడు తీర్చేవాడో ఎగ్గొట్టేవాడో చెప్పగలనన్న అధికారిని నేను నమ్మను. లెడ్జర్లు అలా చెప్పలేదు.

అయితే పేరులో ఏముంది, ఎలా పిలిస్తే ఏం అని తేలికగా తీసేయడం కూడా సరికాదు. ఆ మాట అనగలిగినవాడి పేరు ఏనాడూ విరిగి ఉండదు. మన సంగతే చూడండి. ఆంధ్రంలో ఇంటిపేరు ముందుంటుంది, అదే మనిషికి చిరునామా. ఇక్కడ పుట్టి పెరిగిన మనకు బడిలో చేర్చిననాడే ఇంటిపేరు ఒక అక్షరమైపోతుంది. ఆ అక్షరం తండ్రి పేరుదో, ఊరిదో, ఇంటిపేరుదో తరువాతి తరానికి తెలియదు. నా ఇంటిపేరూ అలాగే ఒక అక్షరమై నా సర్టిఫికెట్లలో మిగిలింది. మా పిల్లలకు అది విడదీసి చెబితే 'అలాగా' అని ఆశ్చర్యపోయారు. హైదర్ అలీ నాణెం మీద ఒక అక్షరం వేయించుకున్నాడంటే అది ఆయన ఇష్టం. మనకు మిగిలిన ఒక అక్షరం మన ఇష్టంతో మిగిలినది కాదు. ఎవరో తొందరలో, గడి చాలక, రాసినది. అల్పసంఖ్యాకులుగా బతికే మనకు విరిగిన పేరు నొప్పి బాగా తెలుసు. కనుకనే ఎదుటివాడి పేరును విరవకుండా చూసే ధర్మం మనకు ఇతరులకంటే ఒక పాలు ఎక్కువే ఉంది.

పేరు అర్థం వెదకడం మంచి కాలక్షేపం. హైదర్ అంటే సింహమని తెలిసినప్పుడు నాకూ సంతోషం కలిగింది. ఒడయారు కంఠీరవమూ, కదిరి నరసింహుడూ, అరబ్బు తల్లి హైదరూ ఒకే మాట అని తెలిసినప్పుడు ఇంకా సంతోషం కలిగింది. కానీ ఆ అర్థాన్ని తెచ్చి మనిషి నెత్తిన పెట్టకూడదు. సింహమని పేరున్నవాడు గనిలో తట్టలు మోసి, మెత్తగా మాట్లాడి, ఎవరికీ బాకీ లేకుండా పోయాడు. ఆ పేరుకు అతడు తక్కువ చేసినదేమీ లేదు.

మా శాఖలో ఇప్పుడు కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఒక చిన్న పద్ధతి పెట్టాను. ఆధారు కార్డులో ఉన్నది చూసి టైపు చేసేముందు, మీ పేరు మీ ఇంట్లో ఎలా పిలుస్తారు, ఎలా రాయమంటారు అని ఒకమాట అడగమన్నాను. కార్డులో తేడా ఉంటే అప్పుడే దిద్దించుకోమని చెబుతాం. దానికి అర నిమిషం పడుతుంది. కొందరు విసుక్కుంటారు. ఎక్కువమంది మాత్రం కుర్చీ కొంచెం ముందుకు జరుపుకొని, ఒక్కొక్క అక్షరం పలికి చెబుతారు.